బొమ్మల పెట్టెలో బల్లి

జనవరి నెల. బయట ట్రాయ్ అంతా మంచు దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. రాత్రి మూడు గంటలకు మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఇంట్లో ఏదో కీచుమంటోంది" అంది. నేను చెవులు రిక్కించాను. ఏమీ లేదు. "కలగని ఉంటావు, పడుకో తల్లీ" అన్నానో లేదో, ఎక్కడి నుంచో సన్నగా "కీచ్"!

పొద్దున్న కాఫీ దగ్గర చర్చ మొదలైంది. ఇండియా నుంచి వచ్చి కింది గదిలో ఉంటున్న మా అమ్మ, "నాకేమీ వినపడలేదే! బల్లి పలికిందేమో" అని బల్ల మీద వేలితో మూడుసార్లు కొట్టి "సత్యం, సత్యం" అంది. మిషిగన్ చలికి మా ఇంట్లో బల్లులు బతకవమ్మా అంటే నమ్మదు. మా ఆవిడ మాత్రం, "ఆఫీసులో పదిమంది ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతారు కదా, ఇంట్లో ఒక్క చప్పుడు పట్టుకోలేరా?" అంది. పౌరుషం పొడుచుకొచ్చింది.

డీబగ్గింగ్‌లో మొదటి సూత్రం: తప్పు ఎప్పుడు, ఎంతసేపటికోసారి వస్తోందో ముందు రాసుకో. ఫ్రిజ్ ఆపాం, కంప్యూటర్లు ఆపాం, బేస్‌మెంట్‌లో సంప్ పంపు దగ్గర కాపలా కాశాం. మా అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుని నలభై సెకన్లకోసారి అని తేల్చింది. అప్పుడు వెలిగింది. ముప్పై నుంచి అరవై సెకన్లకోసారి ఒక్క కూత కూస్తే అది చాలావరకు పొగ అలారం బ్యాటరీ అయిపోవడమే. తెల్లవారుజామున ఇల్లు చల్లబడితే నీరసించిన బ్యాటరీ మరీ నీరసిస్తుంది. అందుకే ఈ కూతలు ఎక్కువగా అపరాత్రి వేళే మొదలవుతాయి.

సరే, నిచ్చెన వేసి అన్ని అలారాలూ చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. కూత మాత్రం ఆగలేదు!

పిల్లలూ, చప్పుడు ఎటునుంచి వస్తోందో మనకెలా తెలుస్తుందంటారా? బొంగురు శబ్దమైతే ఏ చెవికి ముందు చేరిందో మెదడు లెక్క కడుతుంది. బాగా కీచు శబ్దమైతే తల అడ్డుపడటం వల్ల ఏ చెవికి తగ్గిందో చూస్తుంది. అలారం కూత సుమారు 3000 హెర్ట్జ్. అక్కడ ఈ రెండు లెక్కలూ సరిగ్గా కుదరవు. అందుకే అది అన్ని గదుల్లోనూ ఉన్నట్టే ఉంటుంది, ఎక్కడా దొరకదు.

మన పక్క ఊరికే పెద్ద ఉదాహరణ ఉంది. డెట్రాయిట్ నది అవతల, కెనడాలోని విండ్సర్ వాసులను 2011 నుంచి ఒక లోతైన హోరు వేధించింది. కొందరికి కిటికీలు అదిరేవి, కొందరికి అసలు వినపడేదే కాదు. విండ్సర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరికరాలు పెట్టి కొలిచి, అది నదికి ఇవతల మన వైపున్న జగ్ ఐలాండ్ ఉక్కు కొలుముల నుంచి వస్తూండవచ్చని 2014లో తేల్చారు. 2020లో ఆ కొలుములు ఆగాయి, హోరూ ఆగింది. వినపడనివాళ్లు "అంతా మీ భ్రమ" అన్నంత మాత్రాన చప్పుడు లేకుండా పోదు. మా అమ్మాయితో నేనూ ఆ మాటే అన్నాను కదా!

చివరికి పట్టుకున్నది కూడా ఆ పిల్లే. ఇంటిల్లిపాదినీ ఒక్కో గదిలో నిలబెట్టి, కూత గట్టిగా వినపడ్డవాళ్లని చెయ్యెత్తమంది. చేతుల్ని బట్టి వెళితే బేస్‌మెంట్‌లో, దసరా బొమ్మల కొలువు పెట్టె తేలింది. మూత తీస్తే దశావతారాల పక్కన, పాత టవల్లో చుట్టి, పదకొండో అవతారంలా ఒక అలారం!

గుర్తొచ్చింది. కొలువు పేరంటం రోజున గారెల పొగకు అది గోల పెడితే, "ముందు దాని నోరు మూయించండి, అందరూ వచ్చేస్తున్నారు" అంది మా ఆవిడ. నేను ఊడదీసి పెట్టెలో పడేశాను. మళ్లీ పెట్టలేదు. అది పొగతోపాటు కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా పసిగట్టే అలారం. అమ్మ గది ముందుండాల్సింది. రంగూ వాసనా లేని ఆ విషవాయువును మనిషి ముక్కు కనిపెట్టలేదు. అంటే మూడు నెలలుగా కింద ఫర్నేస్ మండుతుంటే, పైన అమ్మ ఏ కాపలా లేకుండా నిద్రపోయింది. వెనక తేదీ చూస్తే దాని ఆయుష్షు కూడా ఎప్పుడో తీరింది. నవ్వు మొహాలన్నీ ఒక్కసారి వాడిపోయాయి.

ఆ సాయంత్రమే కొత్తది తెచ్చి బిగించాను. అమ్మను గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, టెస్ట్ బటన్ నొక్కాను. పిల్లలు చెవులు మూసుకున్నారు. తలుపు తీస్తే అమ్మ తాపీగా, "ఇంకా ఎప్పుడు మోగిస్తావురా?" అంది.

వయసుతో ముందు తగ్గేది కీచు శబ్దాల వినికిడే. అలాంటివారి కోసం 520 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా మోగే అలారాలు, మంచాన్ని అదిలించే పరికరాలు దొరుకుతాయి. ఇప్పుడు అమ్మ గదిలో రెండూ ఉన్నాయి.

మీ ఇంట్లో కూడా అమ్మానాన్నలు ఆరునెలలకని వచ్చి ఉండే ఉంటారు. ఈ ఆదివారం పిల్లల చేతే అలారాల తేదీలు చదివించండి, నెలకోసారి బటన్ నొక్కించండి. మూడు కూతలు, విరామం అయితే పొగ. నాలుగు కూతలు, విరామం అయితే కార్బన్ మోనాక్సైడ్. ఏదైనా సరే, ముందు అందరూ బయటికి, తర్వాత 911కి ఫోను. మంచు కురిసిన రోజున ఫర్నేస్ పైపులు గోడ బయటికి వచ్చే చోట మంచు పేరుకోకుండా చూడండి. తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరవండి, పొగ లాగే ఫ్యాన్ వేయండి. అలారాన్ని మాత్రం ఊడదీయకండి.

మా అమ్మ ఇప్పటికీ అది బల్లేనంటుంది. పలికింది మాత్రం సత్యమే కదా!