సర్వీస్ బిల్లులో ఏది అవసరం? ఏది అదనం?

'సార్, ఇంజిన్ డీకార్బనైజేషన్ చేయించేద్దామా? ఏసీ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్ కూడా కలిపేస్తున్నా...' కారు సర్వీసుకి ఇవ్వగానే షోరూమ్‌లో వినిపించే మాటలివి. వద్దంటే బండికేమవుతుందోనని భయం. సరేనంటే బిల్లు చూసి గుండె గుభేల్! మొదటి కారు కొన్నవాళ్లకైతే ఇంకా తికమక. అలాగని అడ్వైజర్ చెప్పేదంతా మోసమని కొట్టిపారేయలేం. ఎందుకంటే చాలామంది మెరుపు తెచ్చే పనులకు సరేనని, ప్రాణం కాపాడే పనుల్ని వాయిదా వేస్తుంటారు. మరి ఏది చేయించాలి? ఏది వద్దనాలి?

ముందు ఆ పుస్తకం తెరవండి

కారుతోపాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ డ్యాష్‌బోర్డు అరలో అలాగే పడి ఉంటుంది కదా! అందులో మెయింటెనెన్స్ షెడ్యూల్ అనే పట్టిక చూడండి. ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్ని నెలలకు ఏం మార్చాలో, ఏం చెక్ చేయాలో అందులో ఉంటుంది. మన దగ్గర చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది లెక్క. ఆ పట్టిక కారు తయారుచేసిన కంపెనీది. సర్వీస్ సెంటర్ చేతిలోని లిస్టులో అంతకు మించి ఏమైనా ఉంటే, అక్కడే 'ఎందుకు?' అని అడగాలి. పుస్తకం కనిపించకపోతే చాలా కంపెనీల వెబ్‌సైట్లలో పీడీఎఫ్ దొరుకుతుంది. ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

వీటిని వాయిదా వేయొద్దు

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్: షెడ్యూల్ ప్రకారం మార్చాల్సిందే. కారు ఎక్కువగా ఇంటి దగ్గరే ఉన్నా సరే, ఏడాది దాటితే మార్చేయండి.

బ్రేక్ ఫ్లూయిడ్: ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. ఇది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. నీరు చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లలో దిగేటప్పుడు అదేపనిగా బ్రేక్ నొక్కితే ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు వచ్చి, పెడల్ మెత్తగా లోపలికి పోవచ్చు. చాలా కంపెనీలు సుమారు రెండేళ్లకోసారి మార్చమంటాయి. కిలోమీటర్లు తక్కువ తిరిగాయని వదిలేయొద్దు.

కూలెంట్, టైమింగ్ బెల్ట్: కూలెంట్ గడువు కారును బట్టి మారుతుంది. కొన్ని ఇంజిన్లకు టైమింగ్ బెల్ట్, కొన్నింటికి చైన్ ఉంటుంది. బెల్ట్ ఉంటే గడువు దాటనివ్వొద్దు. అది తెగితే ఇంజిన్ లోపలి భాగాలే దెబ్బతినొచ్చు.

చూశాకే సరే అనండి

క్యాబిన్ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. తీసి చూపించమనండి. నల్లగా, దుమ్ముతో నిండిపోతే మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి షెడ్యూల్ కంటే ముందే అవసరం పడొచ్చు.

స్టీరింగ్ ఒకవైపు లాగుతున్నా, టైరు ఒకపక్కే అరుగుతున్నా వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. బ్రేక్ ప్యాడ్స్ మార్చాలంటే 'ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది?' అని అడగండి.

ఏసీ గ్యాస్ ఏటా నింపాల్సిన అవసరం లేదు. తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉండొచ్చు. అది పట్టుకోకుండా గ్యాస్ నింపితే మళ్లీ అదే ఖర్చు.

వద్దన్నా ఫర్వాలేదు

బండి బాగా నడుస్తూ, మైలేజీ తగ్గకుండా ఉంటే ప్రతి సర్వీసుకూ డీకార్బనైజేషన్, ఇంజిన్ ఫ్లషింగ్ దేనికి? పికప్ పడిపోవడం, సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణకడం లాంటి లక్షణాలుంటే ముందు కారణం వెతకాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్లలో వాల్వుల మీద కార్బన్ పేరుకోవడం నిజమే. అయినా అందరికీ ఒకే మందు పనికిరాదు.

టైర్లలో నైట్రోజన్? మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ప్రెజర్ సరిగా చూసుకుంటే ఉచితంగా దొరికే గాలి చాలు. టెఫ్లాన్ కోటింగ్ మెరుపు కోసమే. అండర్‌బాడీ కోటింగ్ విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఆలోచించదగ్గదే. మిగతాచోట్ల ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి, కింద తుప్పు ఉందేమో చూడండి.

సంతకానికి ముందు...

* జాబ్ కార్డులో ఏమేం రాశారో చదవండి. అంచనా బిల్లు జీఎస్టీతో కలిపి అడగండి.
* కొత్తగా ఏం చేర్చినా ఫోన్ చేసి, ఫొటో పంపి, మీరు ఒప్పుకున్నాకే చేయాలని అందులోనే రాయించండి.
* మార్చిన పాత పార్టులు చూపించమనండి.
* 'ఇది చేయించకపోతే వారంటీ పోతుంది' అంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. వారంటీకి ముఖ్యం షెడ్యూల్ సర్వీసులు. వాటిని మాత్రం తప్పించొద్దు.
* అడగని పనికి బిల్లు వేసి, ఎంత చెప్పినా తగ్గించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఈసారి సర్వీసుకి వెళ్లేముందు ఒక్క పని చేయండి. బ్రేక్ ఫ్లూయిడ్ చివరిసారి ఎప్పుడు మార్చారో పాత బిల్లుల్లో వెతకండి. తేదీ దొరకలేదా? అయితే టెఫ్లాన్ సంగతి తర్వాత, ముందు అది చేయించండి.