కారు తర్వాత... అప్పు ముందు!

అప్పు లేనివాడే అసలైన ధనవంతుడని మన పెద్దల మాట. బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ మాట చెల్లదు. జీవితంలో ఎవరికీ పైసా బాకీ పడనివాళ్లు, క్రెడిట్ కార్డు ముఖం ఎరగనివాళ్లు మొదటిసారి కారు లోను అడిగితే ‘మీరెవరో నాకు తెలియదే’ అన్నట్టు చూస్తుంది అక్కడి కంప్యూటరు. ఎగ్గొట్టినవాడి సంగతి దానికి తెలుసు. నెలనెలా కట్టినవాడి సంగతీ తెలుసు. అసలు తీసుకోనివాడే దానికి అంతుపట్టని మనిషి.

అలాంటివాళ్లు గుంపుగా ఒకేచోట ఉండే ప్రాంతం హైదరాబాద్‌లో ఏదని అడిగితే ఉస్మానియా క్యాంపస్‌నీ, దాన్ని ఆనుకుని ఉన్న తార్నాకనీ చూపించొచ్చు. 1918లో పుట్టిన విశ్వవిద్యాలయం ఒకపక్క. ఇఫ్లూ, జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ చుట్టుపక్కల. వీటన్నిట్లో కలిపి రీసెర్చ్ స్కాలర్లు, ప్రాజెక్టు ఉద్యోగులు, కాంట్రాక్టు లెక్చరర్లు ఎంతమందో! ముప్ఫై దాటేదాకా చదువే సరిపోతుంది. ముప్ఫై రెండో ఏట మొదటి పెద్ద జీతం అందుకుంటారు. చేతిలో డాక్టరేటు ఉంటుంది, బ్యాంకు దృష్టిలో మాత్రం చరిత్ర సున్నా. ఇక వీధుల్లోకి వస్తే మరో రకం. ఆర్టీసీలోనో రైల్వేలోనో యూనివర్సిటీలోనో పనిచేసి రిటైరై, ఫ్రిజ్ దగ్గర్నుంచి కూతురి పెళ్లిదాకా అన్నీ నగదుతోనో చిట్టీ పాడుకునో గడిపేసిన పెద్దలు. వీళ్లదీ అదే సమస్య.

తార్నాకకు మెట్రో 2017 నవంబరులో వచ్చింది. సిటీ బస్సులకు ఎప్పుడూ కొదవలేదు. అయినా అమ్మానాన్నల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా, సంక్రాంతికి పిల్లలతో ఊరెళ్లాలన్నా కారుంటే బాగుండుననిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగడంతో ఆ కోరికకు రెక్కలొచ్చాయి. ఆదివారం పూట షోరూముకి వెళ్లడం, నచ్చిన రంగు చూడటం, బుకింగ్ డబ్బు కట్టడం... అన్నీ గంటలో అయిపోతాయి. ‘లోను సంగతి మేం చూసుకుంటాం సార్’ అంటాడు అక్కడి కుర్రాడు. చిక్కంతా ఆ ఒక్క మాటతోనే మొదలవుతుంది.

ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. ఈ నెలలో ఇన్ని కార్లు అమ్మాలన్నది అతని లెక్క. మీకు తక్కువ వడ్డీ దొరకాలన్నది మీ లెక్క. రెండూ కలవాలనేం లేదు. మీ కాగితాలు ఒకేసారి నాలుగైదు బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ వెళ్లొచ్చు. ప్రతి సంస్థా మీ క్రెడిట్ రిపోర్టు తీసి చూస్తుంది. అలా చూసిన ప్రతిసారీ రిపోర్టులో ఒక గుర్తు పడుతుంది. పాత అప్పుల రికార్డు పుష్కలంగా ఉన్నవాళ్లకు అదో పెద్ద విషయం కాదు. ఖాళీ పేజీ ఉన్నవాళ్లకు మాత్రం ఆ పేజీ మీద కనిపించే మొదటి రాతలే ‘ఫలానా తేదీన అడిగాడు, మర్నాడు మళ్లీ అడిగాడు’ అని ఉంటాయి. అప్పు కోసం ఊరంతా తిరుగుతున్నాడేమోనని తర్వాత చూసేవాడికి అనుమానం. ఈలోగా డెలివరీ తేదీ దగ్గరపడుతుంది, కట్టిన బుకింగ్ సొమ్ము గుర్తొస్తుంది. చివరికి ఎవరు ఇస్తానంటే వాళ్ల దగ్గర, ఎంత వడ్డీ అంటే అంతకు సంతకం పెట్టి బయటపడాల్సి వస్తుంది.

అందుకే ముందు బ్యాంకు, తర్వాత షోరూము.

చరిత్ర ఎక్కడ రాస్తారు?

ఒకప్పుడు ఈ గొడవ లేదు. ఇద్దరు షూరిటీదారులు, ముప్ఫై ఆరు పోస్ట్ డేటెడ్ చెక్కులు, ఆఫీసు నుంచి ఒక ఉత్తరం ఉంటే పని జరిగేది. యూనివర్సిటీలో ఒకరికొకరు షూరిటీ సంతకాలు పెట్టుకోవడం అదో స్నేహధర్మం. 2000లో సిబిల్ ఏర్పడింది, 2004 నుంచి బ్యాంకులకు రిపోర్టులివ్వడం మొదలుపెట్టింది. 2005లో దీనికో చట్టమూ వచ్చింది. ఇప్పుడు సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మొత్తం నాలుగు సంస్థలున్నాయి. స్కోరు 300 నుంచి 900 దాకా. అప్పే లేనివాళ్లకు అంకె బదులు ‘ఎన్‌హెచ్’ అనో ‘-1’ అనో కనిపిస్తుంది. చరిత్ర లేదని దానర్థం. 500 స్కోరుకూ దీనికీ చాలా తేడా ఉంది. మొదటిది మచ్చ, రెండోది తెల్ల కాగితం. ఈ తేడా తెలియక ‘నా సిబిల్ పాడైపోయింది’ అని కుమిలిపోయేవాళ్లున్నారు.

చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగినవారి దరఖాస్తును తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు తన మార్గదర్శకాల్లో బ్యాంకులకు సూచించింది. కనీసం ఇంత స్కోరు ఉండాలన్న నిబంధన కూడా రిజర్వు బ్యాంకు పెట్టలేదు. 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ సహాయమంత్రి పార్లమెంటులో ఈ సంగతే స్పష్టం చేశారు. అలాగని కళ్లు మూసుకుని ఇవ్వమని కాదు. ఆదాయం, ఉద్యోగం, పాత లావాదేవీలు చూసి నిర్ణయించుకునే హక్కు బ్యాంకుకే ఉంది. కాబట్టి ‘చరిత్ర లేదు కనుక కుదరదు’ అని కౌంటర్లో ఎవరైనా అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగండి. సంభాషణ తీరు మారే అవకాశం ఎక్కువ.

మొదటి పని, మీ రిపోర్టు మీరే తీసుకోవడం. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ప్రతి సంస్థా ఉచితంగా ఇవ్వాల్సిందే, 2017 నుంచి ఇది అమల్లో ఉంది. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరుకు నష్టమేమీ ఉండదు. తీసి చూస్తే ఆశ్చర్యాలు ఎదురుకావచ్చు. బీటెక్ రోజుల్లో నాన్న కట్టేస్తున్నాడనుకున్న ఎడ్యుకేషన్ లోనులో రెండు వాయిదాలు ఆలస్యమై ఉండొచ్చు. ఫోను కొన్నప్పటి ఈఎంఐ ముగిసినా ముగియనట్టే నిలిచి ఉండొచ్చు. తోటి ఉద్యోగి బ్యాంకు అప్పుకు మీరు పెట్టిన షూరిటీ సంతకం కూడా మీ రిపోర్టులో కనిపిస్తుంది. అతను కట్టకపోతే మచ్చ మీదాకా వస్తుంది. స్నేహధర్మానికి ఇదొక ఖర్చు! తప్పు కనిపిస్తే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది.

ఫెలోషిప్పు జీతమేనా?

క్యాంపస్‌లో అసలు చిక్కుముడి ఇది. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి 1 నుంచి నెలకు రూ.37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ రూ.42,000 అయింది. చిన్న కారు వాయిదాకు ఇది చాలదనలేం. కానీ అది జీతం కాదు. స్కాలర్‌షిప్పు కింద లెక్క కాబట్టి ఆదాయ పన్ను లేదు, ఫారం 16 రాదు. బ్యాంకులు అడిగేది సరిగ్గా ఆ ఫారం 16నే, లేకపోతే రెండేళ్ల ఐటీ రిటర్నులు. పైగా ఫెలోషిప్పు ఒక్కోసారి రెండు మూడు నెలలది కలిపి పడుతుంది. ప్రతినెలా ఐదో తారీఖున కచ్చితంగా కోసుకునే వాయిదాకీ, ఎప్పుడొస్తుందో తెలియని సొమ్ముకీ పొత్తు కుదరదు. నన్నడిగితే ఫెలోషిప్పు ఒక్కదాన్నే నమ్ముకుని కారు అప్పు చేయడం మంచిది కాదనే చెబుతాను. మరీ అవసరమైతే స్థిరమైన జీతమో పింఛనో ఉన్న తల్లి, తండ్రి, జీవిత భాగస్వామిలో ఒకరిని సహ దరఖాస్తుదారుగా పెట్టుకోవాలి. అప్పుడు వాళ్ల రిపోర్టు కూడా చూస్తారు, వాయిదా తప్పితే దెబ్బ ఇద్దరికీ తగులుతుంది. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పాలి.

కాంట్రాక్టు లెక్చరర్లకూ ప్రాజెక్టు ఉద్యోగులకూ మరో మెలిక. నియామక పత్రంలో గడువు పదకొండు నెలలని ఉంటే ఐదేళ్ల అప్పు ఎలా ఇస్తామన్నది బ్యాంకు ప్రశ్న. దానికి జవాబు ఏటా రెన్యువల్ అయిన పాత ఉత్తర్వులే. అవన్నీ వరసగా పెట్టి చూపించాలి. కొత్తగా చేరిన పర్మినెంటు ఉద్యోగులకు ఇంత శ్రమ ఉండదు. మూడు నుంచి ఆరు నెలల జీతం స్లిప్పులు, ఖాతా స్టేట్‌మెంటు, నియామక ఉత్తర్వు సాధారణంగా సరిపోతాయి.

ఎక్కడ అడగాలన్నది ముఖ్యం. ముందుగా జీతం పడే బ్యాంకులోనే. సిబిల్‌కి మీరు కొత్త కావచ్చు, ఆ శాఖకు కాదు. మీ డబ్బు ఎలా వస్తోందో, ఎలా పోతోందో వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. పాత ఖాతాదారులు ఇప్పటికీ ‘మన ఎస్‌బీహెచ్’ అనే అంటుంటారు. అలాంటి పాత ఖాతాలో ఏళ్ల తరబడి పేరుకున్న లావాదేవీలు కొత్తగా దరఖాస్తు చేసేవారికి మంచి ఆస్తి.

ఆర్నెల్లు ఆగగలిగితే

తొందర లేనివాళ్లకు తేలికైన దారి ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకుని, ప్రతినెలా కిరాణా, పెట్రోలు వంటి చిన్న ఖర్చులు చేసి, బిల్లు పూర్తిగా కట్టేయాలి. ఆరు నెలలు అలా చేస్తే సాధారణంగా ఒక స్కోరు పుడుతుంది. బంగారం మీద బ్యాంకులో తీసుకున్న అప్పు కూడా రిపోర్టుకెక్కుతుంది. మన ఇళ్లలో ఇది తెలియని విద్యేం కాదు. కానీ అదే బంగారం వీధి చివర సేటు దగ్గర పెడితే ఎవరికీ తెలియదు. పదేళ్లుగా ఒక్క నెల తప్పకుండా చిట్టీ కట్టినా అంతే, రిపోర్టులో ఆ క్రమశిక్షణకు చోటు లేదు. అన్యాయమే అనిపిస్తుంది నాకైతే.

ఇక అంకెల మాట. ఐదు లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుందాం. వాయిదా సుమారు రూ.10,380. అదే ఏడేళ్లయితే రూ.8,045. నెలకు రెండు వేలకు పైగా తగ్గిందని సంబరపడతాం. మొత్తం వడ్డీ చూస్తే మొదటిదానికి రూ.1.23 లక్షలు, రెండోదానికి రూ.1.76 లక్షలు. చరిత్ర లేదని 11 శాతం వేస్తే ఐదేళ్ల వాయిదా రూ.10,870 అవుతుంది. మొత్తమ్మీద దాదాపు రూ.29,500 అదనం. బుకింగ్ తొందరలో పోయేది ఈ సొమ్మే.

‘ఆరు శాతమే సార్’ అని ఎవరైనా అంటే అది ఫ్లాటు రేటా అని అడగండి. ఫ్లాటు అంటే తీరిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ వేయడం. ఐదు లక్షలకు ఐదేళ్లకు 6 శాతం ఫ్లాటు అంటే లక్షన్నర వడ్డీ, అంటే నిజానికి 10.8 శాతం దాకా పడుతున్నట్టు. ఈ గారడీకి విరుగుడు ఇప్పుడు ఒకటుంది. 2024 అక్టోబరు నుంచి ప్రతి రిటైల్ అప్పుకూ ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. ప్రాసెసింగ్ రుసుము వగైరా అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో రాసి ఉంటుంది. రెండు బ్యాంకుల పత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

దరఖాస్తుకు కావలసింది షోరూము కొటేషన్. కారు బుక్ చేయకుండానే దాన్ని తీసుకోవచ్చు. అందులో ఆన్‌రోడ్ ధర చూడండి. లైఫ్ ట్యాక్సు, బీమా కలిస్తే షోరూము ధరకీ దీనికీ బోలెడు తేడా. బ్యాంకు ఏ ధర మీద ఎంత శాతం ఇస్తుందో తెలిస్తేనే చేతి నుంచి ఎంత పెట్టుకోవాలో తేలుతుంది. బీమా అక్కడే చేయించుకోవాలన్న రూలు లేదు. మంజూరు పత్రం చేతికొచ్చాక, దాని గడువు ఎన్నాళ్లుందో చూసుకుని అప్పుడు షోరూముకి వెళ్లండి. ఇప్పుడు మీరు నగదు కట్టే కొనుగోలుదారుతో సమానం. బేరం మొత్తం కారు ధర మీదే సాగుతుంది. బుకింగ్ రసీదు వెనక, రద్దు చేసుకుంటే ఎంత కోత పెడతారో ఆ చిన్నక్షరాలు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చదవాలి.

ముందే తీర్చేస్తే జరిమానా ఉందా అనీ అడగాలి. వ్యక్తులు వ్యాపారేతర అవసరాలకు తీసుకునే ఫ్లోటింగ్ వడ్డీ అప్పుల మీద ఆ జరిమానా వేయకూడదు. కానీ కారు లోన్లలో ఫిక్స్‌డ్ వడ్డీవి చాలా ఉంటాయి, వాటికి ఒప్పందంలో ఏముంటే అదే. చివరి వాయిదా కట్టగానే పని అయిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 పట్టుకుని రవాణా శాఖ దగ్గర ఆ పేరు కొట్టేయించుకునేదాకా కారు అమ్ముదామన్నా ఇబ్బందే.