గాలిలో వచ్చే బొమ్మలు

అమెరికాలో మీ బాబాయిగారో, పిన్నిగారో వున్నారా? వుంటే వారింట్లో గోడంత టెలివిజన్ వుండే వుంటుంది. దానికి కేబుల్ ద్వారానో, ఇంటర్నెట్ ద్వారానో బొమ్మలు వస్తాయి. అందుకు నెలనెలా డబ్బు కట్టాలి. కాని ఆ ఇంటి మీదుగానే పగలూ రాత్రీ ఎంతో స్పష్టమైన బొమ్మలు ఉచితంగా పోతూ వుంటాయి. వాటిని పట్టుకోవటానికి కావలసినవి ముఖ్యంగా మూడు: యాంటెన్నా, తీగ, ట్యూనర్.

ఈ స్పష్టమైన బొమ్మనే ‘హై డెఫినిషన్’ అంటారు. అక్కడి పాత టెలివిజన్ బొమ్మలో కంటికి కనిపించే గీతలు సుమారు 480. ఈ కొత్త బొమ్మలో 1080 దాకా వుంటాయి. ఒక్కొక్క గీతలో 1920 చుక్కలు. హెచ్చవేసి చూడండి, ఇరవై లక్షలు దాటుతుంది! ఇలాటి బొమ్మలు సెకనుకు 30 రావాలి. వున్నది వున్నట్టు పంపితే సెకనుకు నూరు కోట్లకు పైగా ఒకట్లూ సున్నలూ పంపాలి. అక్కడ ఒక ఛానల్‌కు ఇచ్చిన దారిలో పట్టేవి సుమారు 1 కోటీ 94 లక్షలు మాత్రమే.

మరి ఎలా పంపుతారు? వార్తలు చదివే మనిషి పెదవులు కదులుతాయి, వెనక వున్న గోడ కదలదు. కదలని గోడను మాటిమాటికీ పంపటం దేనికి? అందుచేత చాలావరకు మారినదాన్నే పంపుతారు. కావలసిన ఛానల్‌ను ఏరి తీసేది ట్యూనర్. దాని వెంట వుండే యంత్రం ఈ మూటను విప్పి మళ్ళీ బొమ్మ చేస్తుంది.

2009 జూన్ 12న అమెరికాలోని పెద్ద స్టేషన్లన్నీ పాత పద్ధతి ప్రసారం మానేశాయి. పాత టెలివిజన్లు మూలపడకుండా, ట్యూనర్ వుండే చిన్న పెట్టె కొనుక్కోమని ప్రభుత్వం ఇంటికి రెండేసి 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది. ఈనాడు అక్కడ అమ్మే టెలివిజన్లలో ట్యూనర్ లోపలే వుంటుంది. ‘మానిటర్’ అని అమ్మేవాటిలో మాత్రం సాధారణంగా వుండదు. కొనేముందు అడగటం మంచిది.

ఇక యాంటెన్నా. మన పెద్దవాళ్ళు దీన్ని ఏరియల్ అనేవారు. అంగళ్ళలో ‘హై డెఫినిషన్ యాంటెన్నా’ అని పెట్టెమీద రాసి ఎక్కువ ధరకు అమ్ముతారు. నిజానికి అలాటి యాంటెన్నా అంటూ వేరే లేదు! యాంటెన్నాకు పాత బొమ్మా, కొత్త బొమ్మా ఒకటే. దానికి తెలిసినదల్లా తరంగం పొడవు. 2వ ఛానల్ తరంగం అయిదు మీటర్లు దాటుతుంది. 14 నుంచి 36 దాకా వున్న ఛానళ్ళ తరంగాలు 50 నుంచి 64 సెంటీమీటర్లు. తరంగంలో సగం పొడవున్న కడ్డీ దాన్ని బాగా పట్టుకుంటుంది. గనకనే ‘కుందేలు చెవులు’ అని పిలిచే రెండు పొడుగు కడ్డీలు పెద్ద తరంగాలకూ, పక్కన వుండే చిన్న చుట్టు పొట్టి తరంగాలకూ పనికివస్తాయి. దూరపు స్టేషన్లకైతే ఒక కమ్మీకి అడ్డకడ్డీలు బిగించిన యాంటెన్నా మేలు. దీన్ని 1926లో జపానులో ఉడా, యాగీ అనే శాస్త్రజ్ఞులు లోకానికి తెలియజేశారు. ఒకప్పుడు మన ఊళ్ళ డాబాల మీద కనిపించినవి కూడా ఇవే. పైన ఒకరు దాన్ని తిప్పుతూ ‘‘వచ్చిందా?’’ అంటే, కింద నుంచి ఇంకొకరు ‘‘ఇంకొంచెం!’’ అని కేకపెట్టేవారు.

దీన్ని ఎటు తిప్పాలి? న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది వున్నారు. న్యూయార్కు స్టేషన్ల ప్రసారాలు వచ్చే ఎత్తయిన భవనాలు అక్కడికి ఈశాన్యాన సుమారు 40 కిలోమీటర్లలో వున్నాయి. అంత దూరానికి గదిలో పెట్టిన యాంటెన్నా చాలవచ్చు, చాలకపోవచ్చు; మధ్య గుట్టలూ మేడలూ అడ్డమైతే ఇంటికప్పు మీద పెట్టాలి. (తెలుగు సినిమాల కోసమైతే ఈ శ్రమ పెద్దగా ఫలించదు!) వెనకటి బొమ్మ బలహీనంగా వస్తే తెరనిండా చుక్కలు పడేవి, అయినా కథ తెలిసేది. కొత్త బొమ్మ అలా కాదు. వస్తే నిర్మలంగా వస్తుంది. బలం కాస్త తగ్గితే ముక్కలై ఆగిపోతుంది.

యాంటెన్నాను టెలివిజన్‌కు కలిపే గుండ్రటి తీగ పొడవైనకొద్దీ బలం తగ్గుతుంది. అందుకని బలాన్ని పెంచే పెట్టెను టెలివిజన్ దగ్గర కాక, యాంటెన్నా దగ్గరే పెడతారు.

ఇంటికప్పు ఎక్కటం మాత్రం పిల్లల పని కాదు. కరెంటు తీగకు యాంటెన్నా తగిలితే ప్రాణాలు పోతాయి. దాని స్తంభానికీ తీగకూ ఎర్తు వేయించాలి, ఉరుముల వేళ దాని జోలికి పోరాదు.

అంతా బిగించాక టెలివిజన్‌లో ‘స్కాన్’ నొక్కితే అది ఛానళ్ళను తానే వెతుక్కుంటుంది. 2020 నాటికి చాలా స్టేషన్లు ఒక దారి నుంచి మరో దారికి మారాయి, కాని తెరమీద కనిపించే నంబరు మాత్రం పాతదే. అందుచేత ఏ ఛానలైనా ఉన్నట్టుండి మాయమైతే, కప్పు ఎక్కేముందు ఇంకొకసారి ‘స్కాన్’ నొక్కి చూడాలి.