ఒక్క సీసీ తేడా

ఆర్సీ కార్డు వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఇంజిన్ సీసీ, సిలిండర్ల సంఖ్య ఉంటాయి. బండి కొనేవాళ్లలో అటువైపు చూసేది తక్కువమంది. నేనూ చూడలేదు. రాయ్‌పూర్‌లో పండ్రి దగ్గర ఒక పాత కార్ల యార్డులో నిలబడి, ఎర్ర ఫోక్స్‌వాగన్ పోలో డిక్కీ మీద మెరుస్తున్న 'జీటీ' అక్షరాలకేసి చూస్తున్నాను. "టర్బో హై సాబ్, ఏక్‌దమ్ రాకెట్" అంటున్నాడు యార్డు కుర్రాడు. నాతో వచ్చిన కార్ల మేస్త్రీది శ్రీకాకుళం. ముప్పై ఏళ్ల కింద ఇక్కడికొచ్చి, హిందీ నోటికి పట్టినా యాస వదలని మనిషి. ఆయన బానెట్ ఎత్తలేదు, స్టార్ట్ చేయమనలేదు. ఆర్సీ అడిగి, వెనక్కి తిప్పి, కళ్లద్దాలు పైకెత్తి చదివాడు.

"1198. సిలిండర్లు మూడు. ఇది జీటీ కాదు బాబూ, జీటీ బొట్టెట్టుకున్న మామూలు పోలో."

మామూలు 1.2 లీటర్ల పెట్రోలు పోలో 1198 సీసీ, మూడు సిలిండర్లు, 75 హార్స్‌పవర్. అసలు జీటీ టీఎస్ఐ, అంటే టర్బో ఉన్నది, 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, 105 హార్స్‌పవర్. ఒక్క సీసీ తక్కువ, ముప్పై గుర్రాలు ఎక్కువ. బ్యాడ్జి బజార్లో వందల్లో దొరుకుతుంది. దాన్ని అంటించుకుంటే కారు ధర లక్షల్లో పెరుగుతుంది.

సీసీ అనేది ఇంజిన్ కడుపు కొలత. పిస్టన్లు పైనుంచి కిందికి దిగినప్పుడు ఎంత చోటు ఏర్పడుతుందో అంతే. ఆ కడుపులో ఎంత వంట జరుగుతుందన్నది వేరే లెక్క. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలుదేముంది, ఎంతైనా చిమ్మవచ్చు. గాలిని లోపలికి తీసుకెళ్లడమే కష్టం. మామూలు ఇంజిన్ తన పిస్టన్ల లాగుడుతో ఎంత పీల్చగలిగితే అంతే పీలుస్తుంది. టర్బో ఇంజిన్‌కి గాలిని దట్టించి పెడతారు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగకు దారిలో ఒక చిన్న చక్రం అడ్డం పెడతారు. వేడి పొగ తోపుకు అది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మొదట ఓడల్లో, విమానాల్లో తిరిగిన ఆ చక్రం చాలా కాలానికి గానీ చిన్న కార్లలోకి రాలేదు.

మన దేశంలో దాన్ని చిన్న కార్లోకి రప్పించినవాళ్లలో ఆర్థిక మంత్రి కూడా ఉన్నాడంటే అతిశయోక్తి కాదు. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి దించారు. ఏది చిన్న కారు? నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు, డీజిలైతే 1500 సీసీ లోపు. సుంకం పేర్లు మారాయి, జీఎస్టీ వచ్చింది, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం అయింది. కానీ ఆ కొలబద్ద మాత్రం చెక్కు చెదరలేదు. చట్టం కడుపును కొలిచింది, ఊపిరిని కొలవలేదు. ఆ సందులోంచి దూరి వచ్చిందే 2013లో విడుదలైన పోలో జీటీ టీఎస్ఐ. పొడవు 3971 మిల్లీమీటర్లు, ఇంజిన్ 1197 సీసీ. రెండు గీతలకూ లోపలే ముడుచుకుని కూర్చుని, 1500 చుట్ల దగ్గర్నుంచే 175 న్యూటన్ మీటర్ల లాగుడు చూపిస్తుంది.

గీత దాటినవాళ్ల కథ కూడా ఉంది. 2015లో ఫియట్ తెచ్చిన పుంటో అబార్త్‌కు 145 హార్స్‌పవర్ ఉండేది. పొడవు నాలుగు మీటర్ల లోపే. ఇంజిన్ 1368 సీసీ కావడంతో పెద్ద కార్ల పన్ను పడింది. తర్వాత కొన్నేళ్లకే ఆ కంపెనీ మన దేశంలో కార్ల అమ్మకం మానేసింది. 2016లో మూడు తలుపుల పోలో జీటీఐ దిగుమతి అయింది. 1.8 లీటర్లు, 192 హార్స్‌పవర్. తెచ్చింది 99 కార్లు, ఒక్కోదాని ధర 25.65 లక్షలు. ఆ రోజుల్లో రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఆ డబ్బుకు ఎత్తైన ఎస్‌యూవీ కొని ఇంటిముందు నిలబెట్టుకునేవాళ్లే తప్ప, పోలోలా కనిపించే కారుకు పాతిక లక్షలు పోసేవాళ్లు ఎందుకుంటారు? టాటా టియాగో జేటీపీ, మారుతి బలేనో ఆర్ఎస్ కూడా అలా వచ్చి ఇలా వెళ్లినవే. హాట్ హ్యాచ్‌లంటారు ఇలా పరుగెత్తే చిన్న కార్లను. మన దేశంలో వాటి చరిత్ర చాలావరకు నిలిపివేతల చరిత్ర. పోలో తయారీ కూడా 2022లో ఆగిపోయింది. అందుకే ఇప్పుడు కావాలంటే సెకండ్ హ్యాండే గతి.

ఈ హాట్ హ్యాచ్ జాతికి పేరు తెచ్చింది జర్మనీ. అక్కడ దాచవలసి వచ్చింది పన్నువాళ్ల నుంచి కాదు, సొంత పెద్దల నుంచి. 1973 మార్చిలో ఫోక్స్‌వాగన్ పరీక్షల విభాగంలోని ఆల్ఫోన్స్ లోవెన్‌బర్గ్ అనే ఇంజినీరు, మనమూ ఒక చురుకైన కారు చేద్దామని సహోద్యోగులకు చీటీ రాశాడు. కొద్దిమంది తప్ప ఎవరూ పలకలేదు. ఆ కొద్దిమందే పై అధికారుల ఆమోదం లేకుండా పని మొదలెట్టారు. 1975 ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో బయటపడ్డ గోల్ఫ్ జీటీఐ 1976లో అమ్మకానికొచ్చింది. 1.6 లీటర్ల ఇంజిన్, 110 హార్స్‌పవర్, గంటకు 182 కిలోమీటర్ల వేగం. అయిదు వేలు అమ్ముడైతే చాలనుకున్నారు. మొదటి తరంలోనే నాలుగున్నర లక్షలు దాటింది. సీట్లకు గళ్ల గుడ్డ, గేరు మీట మీద గోల్ఫ్ బంతి పెట్టించింది గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే డిజైనర్. సరుకులు, పిల్లలు పట్టే సంసారం కారు అవసరమైనప్పుడు పరుగెత్తాలన్నదే మొత్తం ఆలోచన. ఆ గోల్ఫ్ జీటీఐ 2025లో మన దేశానికి దిగుమతి కారుగా వచ్చింది. అప్పటి ధర దాదాపు 53 లక్షలు. అది నా వ్యాసంలో పట్టేది కాదు, నా జేబులో అసలే పట్టదు.

యార్డుల్లో తిరుగుడు మూడు నెలలు సాగింది. ఒకచోట మీటరు 38 వేలే చూపించింది. మేస్త్రీ సీట్లో కూర్చోకుండానే కిందికి వంగి బ్రేకు పెడలు మీద బొటనవేలు పెట్టాడు. రబ్బరు గీతలు అరిగి నున్నగా ఉంది. స్టీరింగు తోలు చేతులు పట్టేచోట నూనె రాసినట్టు మెరుస్తోంది. సంతలో ఎద్దు పళ్లు లెక్కపెట్టినట్టు చూశాడాయన. ఆ తర్వాత డిక్కీలో చాప ఎత్తి స్టెప్నీ బయటికి లాగమన్నాడు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత చివరి నాలుగంకెలు దాని పుట్టినతేదీ. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. స్టెప్నీ మీద 4815, అంటే 2015లో 48వ వారం. కింద నడిచే నాలుగు టైర్ల తేదీలు దానికన్నా కొత్తవి, అయినా అవీ అరిగిపోయాయి. 38 వేల కిలోమీటర్ల బండికి నాలుగు టైర్లూ ఒకసారి మారి, రెండోసారీ మారాల్సిన స్థితికి వచ్చాయంటే ఆ మీటరును ఏమనుకోవాలి? మేస్త్రీ ఏమీ అనలేదు. స్టెప్నీ తిరిగి పెట్టేసి, చెయ్యి తుడుచుకుని బయటికి నడిచాడు.

నాకు చివరికి దొరికిన కారు విశాఖ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఉద్యోగిది. ఏపీ 31 నంబరు, 78 వేల కిలోమీటర్లు, ప్రతి సర్వీసు బిల్లూ ఫైల్లో ఉంది. ఆర్సీ వెనక 1197, నాలుగు. అయినా మేస్త్రీ ర్యాంపు ఎక్కించందే మాట్లాడనన్నాడు. "సముద్రం గాలి తిన్న బండి, కడుపు కింద సూడాల." సైలెన్సరు క్లాంపుల దగ్గర కాస్త తుప్పుంది. చాసిస్ అతుకులు శుభ్రంగా ఉన్నాయి. సముద్రగాలి గండం దాటిన ఈ బండికి రాయ్‌పూర్‌లో ఇంకో గండం ఉంది, దుమ్ము. సిల్తరా, ఉర్లా వైపు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే నల్లధూళి మేడ మీద ఆరేసిన బట్టలకే అంటుకుంటుంది. లక్ష చుట్లు తిరిగే చక్రానికి ఇసుకరేణువైనా చిన్న రాయితో సమానం. మేస్త్రీ ఎయిర్ ఫిల్టరు తీసి పక్కన పెట్టి, దాని తర్వాతి గొట్టం లోపల చూపుడువేలు తిప్పి వెలుతుర్లో పెట్టి చూశాడు. నూనె జిడ్డు కొద్దిగా తగిలింది, మట్టి లేదు. జిడ్డు పలచగా ఉంటే పరవాలేదు. గొట్టంలో నూనె నిలిచి ఉంటే టర్బో ఇరుసు దగ్గర సీలు పోయిందన్నమాట. ఫిల్టరుకు ముందు మట్టి ఉండొచ్చు. తర్వాత ఉందంటే ఆ బండి జోలికి వెళ్లకూడదు.

దుమ్ము కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఎండ. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు కొత్త కాదు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి అదే చోటులో తొమ్మిది శాతానికి పైగా తక్కువ బరువుంటుంది. మామూలు ఇంజిన్ మధ్యాహ్నం నీరసపడితే కారణం అదే. టర్బో ఇంకొంచెం ఒత్తి ఆ లోటు పూడ్చగలదు. కానీ ఒత్తితే గాలి ఇంకా వేడెక్కుతుంది. సైకిల్ పంపు అడుగు చేత్తో పట్టుకున్నవాళ్లకు ఇది తెలుసు. అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్ ఉంటుంది. అదీ చాలనప్పుడు పెట్రోలు నిప్పు తనదాకా రాకముందే తనంతట తాను పేలే ప్రమాదముంది. ఇంజిన్ కంప్యూటరు ఆ టకటకను సెన్సారుతో విని, నిప్పురవ్వ వేసే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. ప్రమాదం తప్పుతుంది, పికప్ కొంత తగ్గుతుంది. పెట్రోలులో ఇప్పుడు కలుస్తున్న 20 శాతం ఇథనాల్ ఇక్కడ ఒకవైపు మేలు, ఒకవైపు కీడు. అది ఆవిరవుతూ చల్లబరుస్తుంది, ముందే పేలనివ్వదు. కానీ లీటరుకు శక్తి తక్కువ. పాత బండ్ల రబ్బరు గొట్టాలకూ పడకపోవచ్చు. నేనైతే పెట్రోలు గొట్టాలను ఏటా ఒకసారి చూపిస్తున్నాను.

ఈ కారులో అసలు చూడాల్సింది గేరుబాక్సు. రెండు క్లచ్‌లు. ఒకదాని కింద 1, 3, 5, 7 గేర్లు, రెండోదాని కింద 2, 4, 6. మీరు మూడులో పోతుంటే నాలుగు ఎక్కడానికి సిద్ధంగా కూర్చుని ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుండగానే రెండోది పట్టుకుంటుంది. ఆ ఊహ 1930ల చివర్లో ఫ్రాన్స్‌లో అడాల్ఫ్ కెగ్రెస్‌ది. అమ్మకానికి వచ్చిన కార్లలో మొదటిది 2003 నాటి గోల్ఫ్ ఆర్32. దానిలోని క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి. పోలోలోని ఏడు గేర్ల పెట్టెవి పొడి క్లచ్‌లు. తేలిక, పొదుపు. కానీ వేడిని లాక్కుపోయే నూనె లేదు. తేలీబాంధా చౌరస్తాలో సాయంత్రం ఏడింటికి బ్రేకు మీంచి కాలు సగం లేపి బండిని అంగుళం అంగుళం పాకిస్తే, మనకు తెలియకుండానే హాఫ్ క్లచ్ మీద నడిపినట్టు. ప్లేట్లు కాలిపోతాయి. ఈ జాతి గేరుబాక్సుకు 2013లో కష్టకాలం వచ్చింది. మార్చిలో ఒక్క చైనాలోనే 3,84,181 కార్లను వెనక్కి పిలిచారు. అదే ఏడాది నవంబరులో, వేడి, ఉక్క, ఆగిఆగి నడిచే ట్రాఫిక్ కలిసినచోట సింథటిక్ నూనె వల్ల షార్టు సర్క్యూట్ కావచ్చని, దాన్ని తీసి మినరల్ నూనె పోయడానికి ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లను పిలిచారు. వేడి, ఉక్క, ట్రాఫిక్ అనగానే నాకు జులైలో మా రాయ్‌పూర్ ఫాఫాడీహ్ కూడలి గుర్తొచ్చింది.

కొనే ముందు గంట నడిపాం. చల్లటి ఇంజిన్ మీద ఒకసారి, బాగా కాగాక ఒకసారి. ఒకటి నుంచి రెండులోకి పడేటప్పుడు వణుకు ఉందా, రివర్సులో ఆలస్యం ఉందా, ఎత్తులో కదిలేటప్పుడు కుదుపు ఉందా అని. కారు కంప్యూటరుకు ఓబీడీ స్కానరు పెట్టి తప్పుల జాబితా చూశాం. ఒక పాత బ్యాటరీ తప్పు తప్ప ఏమీ లేదు. కాగితాల పని ఇంజిన్ కన్నా కష్టం. విశాఖ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, తర్వాత ఫారం 29, 30, ఇక్కడి రోడ్డు పన్ను, కొత్త సీజీ 04 నంబరు. పక్క రాష్ట్రం బండిని ఏడాదికి మించి ఇక్కడ ఉంచుకుంటే నంబరు మార్చుకోక తప్పదు. మనిషి మనిషికి అమ్మితే జీఎస్టీ లేదన్నది ఒక్కటే ఊరట.

నవా రాయ్‌పూర్ ఖాళీ రోడ్ల మీద దీని సత్తా తెలియదు. అక్కడ ఏ కారైనా పరుగెడుతుంది. ధమ్తరి, కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాట్ ఎక్కాలి. మలుపు తిరగ్గానే ముందు లారీ, దాని ముందు ఇంకో లారీ. మామూలు కారులో అయితే ఏసీ ఆపి, గేరు దించి, దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. ఇక్కడ కాలు నొక్కితే ఒక క్షణం తటపటాయింపు, ఆ పొగచక్రం పుంజుకునే వ్యవధి. ఆ వెంటనే వెనకనుంచి ఎవరో అరచేయి పెట్టి నెట్టినట్టుంటుంది. మా ఆవిడ అప్పుడు తలుపు పైన పిడి పట్టుకుంటుంది. మైలేజీ ఊళ్లో పది దాటడం లేదు. తప్పు నా కాలిదే.

మొన్న ఏప్రిల్లో ఘాట్ దిగి ఇంటికొచ్చి, గేటు లోపల బండి ఆపి తాళం తీశాను. బానెట్ లోపల ఫ్యాను ఇంకా తిరుగుతోంది. వేడి తగ్గేదాకా అది అలా తిరుగుతూనే ఉంటుంది. పక్కింటి మావయ్య గోడ మీంచి తొంగిచూశారు.

"ఇంజిన్ ఆపడం మరిచిపోయావురా."

"ఆపాను మావయ్యా, ఇది తాళం."

ఆయన తాళం కేసి చూశారు, బానెట్ కేసి చూశారు. ఫ్యాను ఆగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.