మేకప్ అంటే తెల్లబడటమా?

మేకప్ మీద మన దగ్గర అపోహలకు కొదవ లేదు. రాస్తే చర్మం పాడైపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు భయపడతారు. సామాను కొనాలంటే వేలకు వేలు కావాలని చదువుకునే అమ్మాయిలు వెనకాడతారు. ఇంట్లో చేసుకున్నదైతే ఏ హానీ చేయదని దాదాపు అందరూ నమ్ముతారు. కామారెడ్డి బజారులో ఫ్యాన్సీ షాపు మెట్లెక్కినా, ఎల్లారెడ్డిలో గాజుల దుకాణం ముందు నిలబడినా, మొదటిసారి కొనేవాళ్ల నోట తరచుగా వచ్చే మాట మాత్రం వేరు: ‘తెల్లగా కనబడేది ఇయ్యండి.’ నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. చర్మం పాడవడానికైనా, డబ్బు వృథా కావడానికైనా, కొన్నిసార్లు ఆస్పత్రి పాలవడానికైనా దారి ఇక్కడే మొదలవుతుంది. మేకప్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏది కొనాలన్నది తర్వాతి సంగతి, ముందు ఈ భ్రమ వదలాలి.

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో చూసి 1975లో అమెరికా చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ ఒక వర్గీకరణ మొదలుపెట్టాడు. తర్వాత అది ఆరు తరగతులకు పెరిగింది. భారతీయుల్లో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తారు, అంటే చామనఛాయ, అంతకంటే ముదురు ఛాయ. ఇక ఫౌండేషన్‌లో ఉండేవి ప్రధానంగా తెల్లటి టైటానియం డయాక్సైడ్, పసుపు, ఎరుపు, నలుపు రంగుల ఐరన్ ఆక్సైడ్లు. షేడు తెలుపెక్కేకొద్దీ టైటానియం పాలు పెరుగుతుంది. దాన్ని చామనఛాయ మీద రాస్తే తెల్లదనం రాదు, ముఖం బూడిద పూసినట్టు పాలిపోతుంది. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు అవుతాయి. అందుకే షేడును ట్యూబ్‌లైటు కింద ముంజేతి మీద రాసి చూసుకుంటే లాభం లేదు. చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. దవడ అంచున, మెడకు దగ్గరగా రెండు మూడు షేడ్లు సన్నటి గీతల్లా రాసుకుని, షాపు బయటికొచ్చి పగటి వెలుతురులో అద్దం చూసుకోవాలి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలి, చర్మంలోని జిడ్డుతో కలిసి కాసేపటికి ముదురు రంగుకు తిరుగుతాయి కాబట్టి అరగంట ఆగి మళ్లీ చూడాలి. ఏ గీత చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోతుందో అదే మన షేడు.

పెండ్లిలో తెల్లగా వేస్తేనే ఫొటోలు బాగా వస్తాయి కదా అని అడగవచ్చు. ముఖం నిండా దట్టంగా పూసే పద్ధతి పుట్టిందే కెమెరా కోసం. 1930ల చివర్లో హాలీవుడ్ టెక్నికలర్ సినిమాలకు బలమైన లైట్లు వాడేవాళ్లు. ఆ లైట్ల కింద పాత జిడ్డు రంగులు మెరిసిపోతుంటే మ్యాక్స్ ఫ్యాక్టర్ సంస్థ ప్యాన్‌కేక్ మేకప్ తెచ్చింది. నటీనటుల ముఖానికి అవసరమైన ఆ పూత కాలేజీకి, ఆఫీసుకు వెళ్లే ముఖానికి అక్కర్లేదు. పైగా ఫొటో మాటకొస్తే తెలుపు వాదనే తిరగబడుతుంది. సిలికా ఎక్కువున్న తెల్లటి పౌడర్లు, టైటానియం, జింక్ ఉన్న పూతలు ఫ్లాష్ వెలుగును వెనక్కి కొడతాయి. అప్పటిదాకా బాగున్న ముఖం ఫొటోలో తెల్లగా పాలిపోయి, చెవులు, మెడ మాత్రం అసలు రంగులో పడతాయి. పెండ్లి మేకప్ ఒప్పుకునే ముందు పార్లర్‌లో ఒకసారి ట్రయల్ వేయించుకుని, ఫ్లాష్‌తో సెల్‌ఫోన్ ఫొటో తీసి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

పౌడరుతో, ఫౌండేషన్‌తో ఆగితే నష్టం కడిగితే పోయేదే. అసలు ప్రమాదం తెల్లబరిచే క్రీములతో వస్తుంది. వారం పది రోజుల్లో రంగు తేలుస్తామనే క్రీముల్లో కొన్నింటి మహిమ వెనక పాదరసమో, స్టెరాయిడో ఉంటుంది. మెలనిన్ తయారీకి కావాల్సిన ఎంజైమును పాదరసం అడ్డుకుంటుంది కాబట్టి రంగు నిజంగానే తేలుతుంది. అయితే అది చర్మంలోంచి రక్తంలోకి దిగి మూత్రపిండాలను చేరుతుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు మధ్య మూత్రంలో ప్రొటీన్ పోయే ఒక రకం కిడ్నీ జబ్బుతో 22 మంది తేలారు. వాళ్లలో 15 మందికి పరీక్షలో ఒకే అరుదైన గుర్తు కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లే. మన దేశపు కాస్మెటిక్స్ నియమాలు 2020 ప్రకారం, కళ్లకు వాడేవి తప్ప మిగతావాటిలో పాదరసం, అదీ అనుకోకుండా కలిసింది, ఒక పీపీఎం మించకూడదు. దిగుమతి చేసుకున్నదైతే రిజిస్ట్రేషన్ ఉండాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో గల్ఫ్‌లో పనిచేసే మనిషి ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. సెలవుకొచ్చినప్పుడు సూట్‌కేసులో సెంటు సీసాలతో పాటు ఏదైనా క్రీము డబ్బా వస్తే, ప్రేమగా తెచ్చారు కదా అని ముఖానికి పెట్టేయకూడదు. దాని మీద తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, అందులో కలిపిన పదార్థాల పేర్లు ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే వాడకూడదు.

స్టెరాయిడ్ క్రీముల కథ ఇంకా దగ్గరిది, ఎందుకంటే అవి మెడికల్ షాపులోనే దొరుకుతాయి. దేశంలోని 12 కేంద్రాల్లో చర్మవైద్యులు ముఖం మీద సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 433 మంది ముఖానికి స్టెరాయిడ్లు రాస్తున్నట్టు తేలింది. మొటిమలకని, రంగుకని మొదలుపెట్టినవి చర్మాన్ని పల్చన చేస్తాయి, ఎర్రటి రక్తనాళాలు తేలుస్తాయి, కొత్త మొటిమలు, అవాంఛిత రోమాలు తెస్తాయి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. ‘పక్కింటి అక్కకు పనిచేసింది’ అనేది దీనికి జవాబు కాదు. మొదటి నెలలో చాలామందికి పనిచేస్తుంది, అదే దాని వల. పెండ్లి సంబంధాల్లో రంగు అడుగుతున్నారు కదా, ఆడపిల్ల ఏం చేయాలి అన్న ప్రశ్నలో బాధ ఉంది, దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. కానీ అడిగేవాళ్ల తప్పుకు బిడ్డ మూత్రపిండాలతో వెల కట్టడం న్యాయం కాదు. ఆ మాట అమ్మాయికి కాదు, సంబంధం చూసే పెద్దలకు చెప్పాలి.

ఇప్పుడు ‘మేకప్‌తో చర్మం పాడవుతుంది’ అనే పెద్దవాళ్ల భయం దగ్గరికి వద్దాం. ఇందులో కొంత నిజముంది. సౌందర్య సాధనాల వల్ల వచ్చే మొటిమలను అమెరికా వైద్యులు క్లిగ్‌మన్, మిల్స్ 1972లోనే వర్ణించారు. రంధ్రాలు పూడ్చే జిడ్డు పదార్థాలు రోజూ రాస్తే, రాత్రి కడగకుండా పడుకుంటే, స్పాంజీ నెలల తరబడి ఉతకకపోతే మొటిమలు వస్తాయి. అంటే తప్పు మేకప్‌ది అనేకంటే ఎంపికది, శుభ్రతది అనాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో ఎంత పల్చగా రాస్తే అంత మంచిది. నాట్లకు, కలుపుకు పోయే ఆడవాళ్ల చెంపల మీద కనబడే మంగును కూడా మేకప్‌తో కప్పడం కంటే ముందు ఎండ నుంచి కాపాడాలి. ముఖానికి కండువా, తలకు టోపీ, ఆపైన సన్‌స్క్రీన్. ఫౌండేషన్‌లోనే ఎస్పీఎఫ్ ఉందిగా అనుకోవద్దు. ఆ అంకెను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు, అంత మందంగా ఫౌండేషన్ ఎవరూ రాయరు.

ఈ భయం ఉన్న ఇంట్లోనే ఇంటి వస్తువుల మీద గుడ్డి నమ్మకమూ ఉంటుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి, నెలల తరబడి నల్ల మచ్చలు మిగలొచ్చు. తెల్లబడాలని రాసింది నల్లబరుస్తుంది. నిజానికి మన ఆడపిల్ల మేకప్‌కు పూర్తిగా కొత్త కాదు. ఊయలలో ఉన్నప్పుడే కాటుక, బొట్టు పెట్టించుకుంటుంది. స్టిక్కర్ బొట్టు వెనక జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటే, అది రంగునిచ్చే కణాలనే చంపుతుంది. నుదుటి మధ్యన సరిగ్గా బొట్టంత తెల్లమచ్చ పడుతుంది, కొందరిలో అది పాకుతుంది. రాత్రి బొట్టు తీసి అద్దానికి అంటించి, పొద్దున మళ్లీ అదే పెట్టుకునే అలవాటున్న ఇళ్లలో ఆ చోట దురద మొదలైన రోజే స్టిక్కర్ మానేసి కుంకుమకో, పెన్సిల్ బొట్టుకో మారాలి. కాటుక విషయంలో ఆముదం దీపం మసితో చేసేది ప్రధానంగా బొగ్గే, కానీ వేలితో పెడితే కంటికి క్రిములు చేరతాయి. సుర్మాలో మాత్రం సీసపు ఖనిజం ఉండే అవకాశముంది కాబట్టి పసిపిల్లలకు అసలే పెట్టకూడదు. లిప్‌స్టిక్ మీద బంగారు ఉంగరం రుద్దితే నల్ల గీత వస్తే సీసం ఉన్నట్టేనని వాట్సాప్‌లో తిరిగే పరీక్షకు ఏ ఆధారమూ లేదు. అమెరికా ఎఫ్‌డీఏ 400 లిప్‌స్టిక్‌లను ప్రయోగశాలలో పరీక్షిస్తే సీసం సగటున 1.11 పీపీఎం, అత్యధికంగా 7.19 పీపీఎం తేలింది. మన దేశంలో పరిమితి 20. కాబట్టి ఉంగరం కంటే డబ్బా మీది తయారీ లైసెన్సు నంబరే నమ్మకమైన ఆధారం.

ఖర్చు భయం కూడా తెల్లదనం భ్రమ నుంచే వస్తుంది. రంగు మార్చాలనుకుంటే ప్రైమరు, ఫౌండేషన్, కన్సీలరు, పౌడరు అంటూ పొరలు పెరుగుతాయి. ఉన్న రంగు ఉండనిస్తే మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్, కాటుక పెన్సిల్, ఒక లిప్‌స్టిక్ చాలు. ముదురు ఛాయకు మెరూన్, ఇటుక ఎరుపు, బెర్రీ రంగులు ఎంతో నిండుగా ఉంటాయి. పాలిపోయిన లేత గులాబీలే పెదవుల మీద తేలిపోతాయి. ఏది కొన్నా చెవి వెనకో, మోచేతి మడతలోనో కొంచెం రాసి రెండు రోజులు చూడాలి. బతుకమ్మకో, పెండ్లికో కొత్తది తెచ్చి అదే సాయంత్రం ముఖమంతా రాయకూడదు. ఇప్పటికే పేరు ఊరు లేని తెల్లబరిచే క్రీము వాడుతున్నవాళ్లు దాన్ని మానేసి, డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లి మూత్ర పరీక్ష అడగాలి. స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాసినవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపితే ముఖం మండి, ఎర్రబడి, మొటిమలు విరుచుకుపడతాయి. దాన్ని చర్మవైద్యుల సలహాతో మెల్లమెల్లగా తగ్గించాలి, ముఖం కుదుటపడేదాకా మేకప్ ఆపాలి.