హెచ్‌ఆర్ జాబ్స్: మీ రేటింగ్ వేసేది హెచ్‌ఆరేనా? ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి పని ఏంటో తెలుసా?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఆఫీసుల్లో ఒకటే టాపిక్. రేటింగ్ ఎంత? హైక్ ఎంత? హైటెక్ సిటీ టీ బంకుల దగ్గర నుంచి ఇంట్లో భోజనాల వేళ దాకా ఇదే చర్చ. అనుకున్నదానికంటే తక్కువ వచ్చిందా.. తిట్లన్నీ పడేది హెచ్‌ఆర్‌కే.

కానీ చాలా కంపెనీల్లో ఉద్యోగికి రేటింగ్ వేసేది హెచ్‌ఆర్ కాదు. వేసేది మేనేజర్. ఆ రేటింగ్ ఏ పద్ధతిలో వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎంతమందికి టాప్ రేటింగ్ దక్కాలి అన్న ఏర్పాటును నడిపించేది మాత్రం హెచ్‌ఆర్. ఈ తేడా తెలియక ఉద్యోగులు అడగాల్సిన మాట ఒకరిని అడగబోయి ఇంకొకరిని అడుగుతున్నారు. ఎంబీఏ హెచ్‌ఆర్ చేసిన పిల్లలేమో ఏ పనిలో చేరుతున్నారో తెలియకుండానే ఆఫర్ లెటర్‌పై సంతకం పెట్టేస్తున్నారు.

ఇంతకీ ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు ఏం చేస్తారు? రేటింగ్ ఎలా తయారవుతుంది? ఈ రంగంలోకి వెళ్లాలంటే దారేంటి? వివరంగా చూద్దాం.

ఒకటే బోర్డు.. లోపల ఏడు రకాల పనులు

రిక్రూటర్: ఉద్యోగానికి మనుషుల్ని వెతికి, ఫోన్ చేసి, ఇంటర్వ్యూలు పెట్టించి, ఆఫర్ దాకా తీసుకొచ్చేది వీళ్లే. ఫ్రెషర్లలో చాలామందికి తొలి ఉద్యోగం ఇదే. రోజుకు ఎన్ని కాల్స్, నెలకు ఎంతమంది జాయినింగ్ అన్నదే లెక్క. అంటే ఇది పేరుకు హెచ్‌ఆర్, పనిలో సేల్స్ లాంటిది.

హెచ్‌ఆర్ ఆపరేషన్స్, పేరోల్: జాయినింగ్ పేపర్లు, పీఎఫ్, లీవులు, జీతం, రిలీవింగ్ లెటర్. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఈ డెస్క్‌పై ఒత్తిడి పెరిగింది. ఉద్యోగి మానేసినా, తీసేసినా రావాల్సిన వేతనాన్ని రెండు పని దినాల్లో చెల్లించాలని వేజ్ కోడ్ చెబుతోంది.

కంపెన్సేషన్ అండ్ బెనిఫిట్స్: జీతాల లెక్కల టీమ్. ఏ గ్రేడ్‌కు ఎంత నుంచి ఎంత, ఈ ఏడాది హైక్ బడ్జెట్ ఎంత అన్నది ఇక్కడే తేలుతుంది. ఎక్సెల్ బాగా వచ్చినవాళ్ల రాజ్యం.

లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్: ట్రైనింగ్‌లు. కొత్తవాళ్లకు పని నేర్పించడం, పాతవాళ్లకు కొత్త టెక్నాలజీ అందించడం.

ఇండస్ట్రియల్ రిలేషన్స్, వెల్ఫేర్: ఫ్యాక్టరీలు, గనుల్లో యూనియన్లతో మాట్లాడేది వీళ్లే. సింగరేణి, విశాఖ స్టీల్ ప్లాంట్ లాంటి చోట్ల పాతవాళ్లు ఈ శాఖను ఇప్పటికీ 'పర్సనల్' అనే అంటారు. పాత ఫ్యాక్టరీల చట్టం 500 మంది కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలంది. కొత్త కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించింది.

హెచ్‌ఆర్ బిజినెస్ పార్ట్‌నర్: షార్ట్‌గా హెచ్‌ఆర్‌బీపీ. ఒక బిజినెస్ యూనిట్‌కు, హెచ్‌ఆర్‌కు మధ్య వారధి. మేనేజర్లకు సలహా ఇచ్చేది, ఉద్యోగి గొడవ వినేది, చివరికి 'మీ ఉద్యోగం పోతోంది' అన్న మాట చెప్పే గదిలో కూర్చునేదీ ఈ మనిషే.

పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్: పెద్ద కంపెనీల్లో దీనికి ప్రత్యేకంగా టీమ్ ఉంటుంది. గోల్స్ ఎలా రాయాలి, ఫారం ఎలా ఉండాలి, గడువులేంటి, రేటింగ్‌ల లెక్క సరిపోయిందా.. ఇదంతా వీళ్ల పని. చిన్న కంపెనీల్లో హెచ్‌ఆర్‌బీపీయే దీన్నీ చూసుకుంటారు.

రేటింగ్ ఎలా తయారవుతుంది?

ఏడాది మొదట్లో గోల్స్ రాస్తారు. మధ్యలో ఒక రివ్యూ. ఏడాది చివర్లో ఉద్యోగి తన పని గురించి తానే సెల్ఫ్ అప్రైజల్ రాస్తారు. దాన్ని చూసి మేనేజర్ ఒక రేటింగ్ ప్రతిపాదిస్తారు. చాలామంది కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అసలు ఘట్టం దీని తర్వాతే మొదలవుతుంది.

దాని పేరు క్యాలిబ్రేషన్ మీటింగ్. ఒకే స్థాయి మేనేజర్లంతా ఒక గదిలో కూర్చుని తమ టీమ్‌ల రేటింగ్‌లను పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ఒక మేనేజర్ అందరికీ 5 ఇచ్చి, ఇంకొకరు 3 దాటనివ్వకపోతే అన్యాయం కదా. ఆ తేడాను సరిచేయడమే ఈ మీటింగ్ ఉద్దేశం. హెచ్‌ఆర్ మనిషి అక్కడ అంపైర్‌లా ఉంటారు.

సమస్య కూడా అక్కడే. తన టీమ్ మెంబర్ ఏం చేశారో మేనేజర్ గట్టిగా చెప్పగలిగితే 4 నిలబడుతుంది. చెప్పలేకపోతే అదే 4 కాస్తా 3 అయిపోతుంది. ఆ గదిలో ఉద్యోగి ఉండరు. ఉద్యోగి తరఫున ఉండేది మేనేజర్ నోరు, సెల్ఫ్ అప్రైజల్‌లో రాసిన నాలుగు ముక్కలు. అందుకే 'ఏదో ఫార్మాలిటీ' అని రెండు లైన్లు కొట్టేసినవాళ్లు నష్టపోతుంటారు.

మనుషుల మతిమరుపు కూడా తోడవుతుంది. మార్చిలో చేసిన చిన్న తప్పు అందరికీ గుర్తుంటుంది. జూన్‌లో రాత్రంతా కూర్చుని కాపాడిన ప్రాజెక్ట్ ఎవరికీ గుర్తుండదు. మంచి పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్ టీమ్ ఏడాది పొడవునా నోట్స్ రాయమని మేనేజర్ల వెంటపడేది ఇందుకే.

20-70-10.. ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు 1981 నుంచి 2001 వరకు సీఈఓగా ఉన్న జాక్ వెల్చ్ ఈ పద్ధతికి పేరు తెచ్చారు. టాప్ 20 శాతం మందికి బహుమతులు, మధ్యలో 70 శాతం మంది, కింది 10 శాతం మంది బయటికి. 20 మంది టీమ్ అయితే నలుగురు స్టార్లు, 14 మంది మామూలు, ఇద్దరికి గండం. అందరూ బాగా చేసినా సరే, ఇద్దరు కింద ఉండాల్సిందే.

అదే దీనిపై ఉన్న పెద్ద విమర్శ. పక్కవాడికి సాయం చేస్తే తన ర్యాంక్ తగ్గుతుందేమో అన్న భయం టీమ్‌లో మొదలవుతుంది. ఇలా ఉద్యోగుల్ని ఒకరి కింద ఒకరిని పేర్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది. అంతకు ముందే, 2012లో, అడోబీ ఏడాదికోసారి చేసే రివ్యూలకే స్వస్తి చెప్పి, తరచూ మాట్లాడుకునే 'చెక్-ఇన్' విధానం తెచ్చింది. అయినా కంపెనీలకు హైక్ బడ్జెట్ ఒక పరిమితిలోనే ఉంటుంది కాబట్టి, బెల్ కర్వ్ పేరు వినిపించకపోయినా దాని నీడ చాలా చోట్ల కనిపిస్తూనే ఉంటుంది.

ఒకే రేటింగ్.. హైక్‌లో తేడా ఎందుకు?

'ఇద్దరికీ 4 వచ్చింది. వాడికి 12 శాతం, నాకు 7 శాతమా?' ఈ ప్రశ్నకు సమాధానం కంపెన్సేషన్ టీమ్ దగ్గర ఉంటుంది.

ఉదాహరణకు ఒక గ్రేడ్‌కు మధ్య జీతం 10 లక్షలు అనుకుందాం. ఒకరు 8 లక్షల దగ్గర ఉన్నారు, ఇంకొకరు 12 లక్షల దగ్గర ఉన్నారు. ఇద్దరికీ ఒకే రేటింగ్ వచ్చినా, చాలా కంపెనీల పట్టికలో 8 లక్షల మనిషికే ఎక్కువ శాతం ఉంటుంది. వెనకబడినవారిని మధ్యకు తేవడం దాని ఉద్దేశం. అంటే హైక్ తగ్గిందంటే పని నచ్చలేదనే అర్థం కాదు. ఆ గ్రేడ్‌లో జీతం పై అంచుకు చేరి ఉండొచ్చు. అలాంటప్పుడు అడగాల్సింది హైక్ గురించి కాదు, ప్రమోషన్ గురించి.

సర్కారు ఉద్యోగికి ఉన్నది.. ప్రైవేట్ ఉద్యోగికి లేనిది

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏటా ఏపీఏఆర్ పేరుతో పనితీరు నివేదిక రాస్తారు. 1 నుంచి 10 వరకు గ్రేడింగ్ ఉంటుంది. ఈ నివేదిక ఒకప్పుడు రహస్యం. దాన్ని మార్చేసింది ఒక ఇంజినీర్ పోరాటం.

సరిహద్దు రోడ్ల సర్వీసులో పనిచేసిన ఆ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌కు 1993-94లో 'గుడ్' అని రాశారు. వినడానికి మంచి మాటే. కానీ ప్రమోషన్‌కు 'వెరీ గుడ్' కావాలి. గుడ్ అన్నది చెడ్డ రిమార్క్ కాదు కదా అని ఆయనకు చెప్పనే లేదు. ప్రమోషన్ మాత్రం పోయింది. 2008లో దేవ్ దత్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా తీర్పులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.. మంచైనా, చెడైనా ప్రతి గ్రేడింగ్‌నూ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని. తర్వాత 2009లో కేంద్రం ఆదేశాలిచ్చింది. నివేదిక మొత్తం ఉద్యోగికి చూపించాలి, అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో చెప్పుకోవచ్చు.

ప్రైవేట్ ఉద్యోగికి రేటింగ్‌పై ఇలాంటి నిబంధన లేదు. అప్పీల్ అవకాశం ఉందా, ఎన్ని రోజుల్లో అడగాలి అన్నది కంపెనీ పాలసీని బట్టే ఉంటుంది. కాబట్టి చేరిన రోజే హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ ఎక్కడుందో చూసుకోవాలి.

పీఐపీ వస్తే పని అయిపోయినట్టేనా?

పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్.. పీఐపీ. ఈ మెయిల్ వచ్చిందంటే హోమ్ లోన్ ఈఎంఐ కళ్లముందు కదులుతుంది. సాధారణంగా 30, 60 లేదా 90 రోజుల గడువు ఇస్తారు. కొన్ని చోట్ల ఇది నిజంగానే రెండో అవకాశం. కొన్ని చోట్ల మాత్రం పంపించే ముందు తయారుచేసుకునే కాగితం.

ఏది ఏదో ఆ పేపర్‌లోనే తెలిసిపోతుంది. టార్గెట్‌లో నంబర్ ఉందా? దాన్ని ఎవరు, ఎలా కొలుస్తారో రాశారా? వారానికోసారి రివ్యూ పెట్టారా? ఇవి ఉంటే దారి ఉన్నట్టే. 'యాటిట్యూడ్ మెరుగుపడాలి' అని గాల్లో రాస్తే మాత్రం హెచ్‌ఆర్‌బీపీని మెయిల్‌లో అడగాలి.. దీన్ని ఎలా కొలుస్తారు అని. అలాంటి పేపర్‌పై 'ఇది కొలవలేం, మళ్లీ రాయండి' అని మేనేజర్‌కు తిప్పి పంపగలిగినవారే మంచి హెచ్‌ఆర్.

ఈ రంగంలోకి ఎలా వెళ్లాలి?

ఎంబీఏ హెచ్‌ఆర్, పీజీడీఎం మామూలు దారి. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్ఆర్ఐ, ముంబై టిస్ ఈ కోర్సుకు దేశంలోనే పేరున్నవి. ఫ్యాక్టరీ, వెల్ఫేర్ వైపు వెళ్లాలనుకునేవారికి ఎంఎస్‌డబ్ల్యూ కూడా పనికొస్తుంది. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు హెచ్‌ఆర్ పోస్టుల భర్తీకి యూజీసీ నెట్ స్కోర్‌ను తీసుకున్న సందర్భాలున్నాయి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతలు చూసుకోవాలి.

అమీర్‌పేటలో వర్క్‌డే, సక్సెస్‌ఫ్యాక్టర్స్ లాంటి హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ కోర్సులూ దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఇంటర్వ్యూలో ప్లస్సే. దాంతో పాటు పీఎఫ్, గ్రాట్యుటీ, లేబర్ కోడ్‌ల బేసిక్స్ తెలిసి ఉండాలి. ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందే డబ్బులడిగే కన్సల్టెన్సీలకు మాత్రం దూరంగా ఉండాల్సిందే.

ఆఫర్ వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడిగితే చాలు.. 'నా పని ఈ ఏడింటిలో ఏది?' రిక్రూటర్‌గా చేరి రెండేళ్ల తర్వాత పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్‌కు మారాలనుకుంటే, ఆ కంపెనీలో అలా మారినవాళ్లున్నారా అని కూడా కనుక్కోవాలి.

ఇక రేటింగ్ లెటర్ చేతికొచ్చిన ఉద్యోగి విషయానికొస్తే.. హెచ్‌ఆర్‌ను తిట్టుకునే ముందు మేనేజర్‌ను ఒక మాట అడగాలి. 'క్యాలిబ్రేషన్‌కు ముందు మీరు నాకు ఎంత ఇచ్చారు?' అన్ని చోట్లా జవాబు రాకపోవచ్చు. కానీ వస్తే, వచ్చే ఏడాది ఏం మార్చుకోవాలో అక్కడే తెలిసిపోతుంది.. పని చేసే తీరునా, లేక ఆ పనిని చెప్పుకునే తీరునా అని.