పడవ నుంచి గాలిమర రెక్క దాకా

భీమునిపట్నం రేవు నుంచి వేటకు వెళ్లే ఫైబర్ పడవకూ, అనంతపురం కొండల మీద తిరిగే గాలిమర రెక్కకూ ముడిసరుకు ఒక్కటే. గాజు పోగులు, వాటిని పట్టి ఉంచే రెజిన్. ఇసుక మీదికి లాగిన పాత పడవ అంచున రంగు లేచిపోయిన చోట చూస్తే ఆ తెల్లటి పోగులు కంటికి కనిపిస్తాయి. ఒకప్పటి కొయ్య తెప్పల స్థానంలోకి ఈ పడవలు ఎందుకు వచ్చాయో, రెక్కల తయారీలోకి ఈ సరుకు దాదాపు అందుకే వచ్చింది. ఇది తేలిక, కుళ్లదు, తుప్పు పట్టదు, కెరటం కొట్టినప్పుడు కాస్త వంగి మళ్లీ నిలబడుతుంది.

రెక్కలు మొదట కొయ్యవే. 1888లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ నిలబెట్టిన 17 మీటర్ల చక్రానికి దేవదారు జాతి కొయ్యతో చేసిన 144 రెక్కలుండేవి. దాని శక్తి 12 కిలోవాట్లు. తర్వాత ఉక్కు వంతు వచ్చింది. 1941లో వెర్మాంట్ రాష్ట్రంలో నిలిపిన 1.25 మెగావాట్ల స్మిత్-పట్నం యంత్రానికి స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగుతో రెండు రెక్కలు చేశారు. ఒక్కొక్కటి దాదాపు 8 టన్నులు. 1945 మార్చి 26న వాటిలో ఒకటి మొదలు దగ్గర విరిగి 200 మీటర్లకు పైగా దూరాన పడింది. ఆ చోటు బలహీనంగా ఉందని ముందే తెలుసు. యుద్ధకాలపు కొరత వల్ల బలపరచలేకపోయారు.

ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖ ప్రాంతంలో సహజంగా పుట్టే ప్రశ్న ఒకటుంది. స్తంభానికి పనికొచ్చిన ఉక్కు రెక్కకెందుకు పనికిరాదు? రెక్క ఒక చుట్టు తిరిగేలోగా దాని సొంత బరువే దాన్ని ఒకసారి ఒక అంచు వైపు, మరోసారి రెండో అంచు వైపు వంచుతుంది. నిమిషానికి 12 చుట్ల చొప్పున ఆగకుండా తిరిగితే ఏడాదికి 63 లక్షలు, ఇరవై ఏళ్లకు 12 కోట్లకు పైగా వంపులు. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే, ఒక్క దెబ్బకు లొంగని లోహం కూడా ఈ అలసటకు లొంగుతుంది. గాజు పోగుల సరుకు బరువు ఉక్కులో నాలుగో వంతు. రెక్క పొడవు రెట్టింపైతే కరెంటు నాలుగు రెట్లవుతుంది. అదే ఆకారంలో పెంచితే బరువు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే రెక్క పెరిగేకొద్దీ సరుకు తేలికదనమే అన్నిటికన్నా ముఖ్యమవుతుంది.

1957లో జర్మనీ ఇంజనీరు ఉల్రిచ్ హుట్టర్ 34 మీటర్ల చక్రానికి గాజు పోగుల రెక్కలు అమర్చాడు. రెక్కను ఇరుసుకు బిగించే చోట పోగులను కోయకుండా, తాడును గుంజకు చుట్టినట్టు బోల్టుల చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చాడు. రెక్కకు ప్రాణం ఆ మొదలులోనే ఉంటుందని గ్రహించిన పని అది. డెన్మార్క్‌లో ఫర్నిచర్‌తో మొదలై, ఫైబర్‌గ్లాస్ పడవలు కూడా చేసిన ఎల్.ఎం. కంపెనీ 1978లో రెక్కల తయారీకి దిగింది. పడవ అచ్చుల దగ్గర చెయ్యి తిరిగినవాళ్లే రెక్కలూ చేశారు.

నేటి రెక్క లోపలి అమరిక వెదురును తలపిస్తుంది. నడుమ దూలంలో పోగులన్నీ పొడవునా పరుస్తారు, వంపును తట్టుకునేది అదే. పైపెంకులో పోగులను ఏటవాలుగా అల్లి మెలికను అడ్డుకుంటారు. పెంకు పొరల మధ్య బల్సా కొయ్యో, గట్టి నురగ పలకో పెడతారు. పొడి గుడ్డను అచ్చులో పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, గాలి లాగేస్తే రెజిన్ తనంతట తానే ప్రతి పోగు సందులోకి పాకుతుంది. ఎక్కడైనా గాలి బుడగ మిగిలితే పగులు అక్కడే మొదలవుతుంది. మరీ పొడవైన రెక్కల దూలానికి కార్బన్ పోగులు వాడతారు. అవి గాజు కన్నా గట్టివి, తేలికవి. కానీ ఖరీదెక్కువ, పైగా విద్యుత్తును ప్రవహింపజేస్తాయి కనుక పిడుగు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. గాలిమర రెక్కలు చేసే సుజ్లాన్ కంపెనీ కర్మాగారం ఒకటి అనంతపురం జిల్లాలోనే ఉంది.

పోగు ఎంత గట్టిదైనా రెక్క ముందుగా అరిగేది గాలిని చీల్చే అంచు దగ్గర. రెక్క కొస గంటకు 290 కిలోమీటర్ల వేగంతో పోతుంటే వాన చినుకు కూడా గులకరాయిలా తగులుతుంది. రాయలసీమలో దుమ్ము, తీరంలో ఉప్పు దానికి తోడవుతాయి. పడవ అడుగున గీత పడగానే అరగదీసి, గాజు పోగుల మ్యాట్ వేసి, రెజిన్ పూస్తారు. ఆలస్యమైతే నీరు లోపలికి దిగుతుంది. రెక్క దగ్గరా అదే పని. తాళ్లకు వేలాడుతూ అంచును నునుపు చేసి, పూడ్చి, పాలీయురేథేన్ పూత వేస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో గాలిమరలు చాలావరకు రాయలసీమలోనే ఉన్నాయి. తీరంలో పెట్టాలంటే ముందు తుపాను లెక్క చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 170-180 కిలోమీటర్లు. అంతర్జాతీయ ప్రమాణంలో గట్టి గాలుల తరగతి యంత్రం తట్టుకోవలసిన పది నిమిషాల సగటు వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లే. తుపాను ప్రాంతాల కోసం 2019లో సెకనుకు 57 మీటర్ల తరగతిని చేర్చారు. ఈ తీరానికి తగిన కొలత రెండోదే.

ఒకసారి గట్టిపడిన మామూలు రెజిన్‌ను కరిగించి మళ్లీ వాడలేరు. మన్నిక కోసం ఎంచుకున్న గుణమే చివరికి భారమవుతుంది. జర్మనీలో పాత రెక్కలను ముక్కలు చేసి సిమెంటు బట్టీలకు పంపుతున్నారు. వేడి చేసిన తేలికపాటి ఆమ్లంలో పోగుల నుంచి విడిపోయే రెజిన్‌తో సీమెన్స్ గమేసా కంపెనీ 2021లో రెక్కలు తయారుచేసింది. వాటిని 2022లో జర్మనీ సముద్రతీరానికి అవతల కస్కాసి గాలిమరల క్షేత్రంలో బిగించారు.